భయమూ, బాధ్యతా

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల తొలినాళ్లలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో సీరియల్‌గా వెలువడి విస్తారమైన అభిమానగణాన్ని సంపాదించింది. ‘కాష్మోరా’ ఇంటింటి మాటయింది. రంగనాయకమ్మ దాన్ని ఖండిస్తూ ఒక పుస్తకమే రాశారు.

భయాన్ని ఆస్వాదించటం తప్పా? తప్పని నేననను. అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ నాస్తికుడు. 1937లో ఆయన మరణించాక, అభిమానులిద్దరు ఆయన కథలను అచ్చువేయటానికే 1939లో ప్రచురణసంస్థ పెట్టారు. ఆ కథల్లోని భీకర దేవతలు కల్పితాలని రచయితా దాచలేదు.

కాని ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు పోతే చేతబడి కథావస్తువు కాదు, నేరారోపణ. ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు ఈ ప్రాంతంలో జరిగాయి. ఆసుపత్రి దూరమైనచోట జ్వరానికి కారణంగా పొరుగువాడే కనిపిస్తాడు.

నేను నిషేధం కోరను. మనకు గగుర్పాటునిచ్చే పేజీ అక్కడ ఒక నిరుపేదపై సాక్ష్యం కాగలదు. కనుక ‘ఇది కల్పన’ అని ఎలుగెత్తి చెప్పవలసిన మొదటివాడు అభిమానే.