ఆకలి లేదన్న మాట

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచే ఆడవాళ్ల మధ్య తెగని వాదన ఒకటుంది. నడిస్తే ఆకలి పెరుగుతుందని కొందరు, చచ్చిపోతుందని కొందరు. రెండింటిలోనూ నిజముంది. ఒగర్చేంతగా వ్యాయామం చేస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను కాసేపు తగ్గుతుంది. ఇక చాలని చెప్పే పేగుల హార్మోన్లు పెరుగుతాయి. గంటో, ఇంకాస్త ఎక్కువో. తర్వాత ఆకలి తిరిగొస్తుంది. తాపీగా నడిచేవాళ్లలో ఈ మార్పు పెద్దగా కనిపించదు.

గ్రెలిన్‌ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుక్కున్నారు. పేరు తెలియకపోయినా డెల్టాలో ఊడుపులకి వెళ్లే స్త్రీలకి ఈ అనుభవం కొత్త కాదు. సార్వాకైనా దాళ్వాకైనా బురదలో నడుం వంచి నాటి నాటి ఇంటికొచ్చినామె "ఆకలి చచ్చిపోయింది" అంటుంది. శ్రమకి ఎండా ఉక్కపోతా తోడైతే ఇంకా అంతే.

ఈ మాటని మనం ఎలా వినాలి? తల్లి "నాకు ఆకలి లేదు" అనగానే త్యాగమని చదవడం సాహిత్యంలో మనకి అలవాటు. స్త్రీవాదులం దాన్ని తిరగేసి, అణచివేత ఆమె చేత ఆడించిన అబద్ధం అన్నాం. కానీ ఆమె నిజమే చెబుతూ ఉండొచ్చు. ఆ క్షణాన ఆకలి నిజంగానే లేదు. చిక్కంతా అక్కడే. సరిగ్గా ఆ గంటలోనే ఆమె వండుతుంది, వడ్డిస్తుంది. ఆకలి తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆమె నోటి మాటే ఇంటికి సాక్ష్యమైపోతుంది. ఆమె మాటని నమ్మడం వేరు, దాన్నే ఆమె వాటాగా ఖరారు చెయ్యడం వేరు.

శాస్త్రం కూడా ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఆగింది. శ్రమకీ తిండికీ ఉన్న సంబంధం మీద నేటికీ ఉదహరించే అధ్యయనం జీన్ మేయర్ బృందం 1956లో ప్రచురించినది. బెంగాల్ జనపనార మిల్లులో కూర్చుని పనిచేసేవాళ్లు బరువులు మోసేవాళ్ల కంటే తక్కువేమీ తినడం లేదని తేలింది. ఆ పట్టికలో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. వాళ్లకి వండిపెట్టిన స్త్రీలు ఏం తిన్నారో అందులో లేదు.

మన పోషకాహార సర్వేల్లో స్త్రీకి లెక్క ఉంది. కూర్చుని పనిచేసే మగవాడు 1 యూనిట్ అయితే స్త్రీ 0.8. బరువు పనికి అతనికి 1.6, ఆమెకి 1.2. శరీర బరువుల తేడా వల్ల అంకెలు మారతాయి, కాదనను. అయితే ఊడుపు బరువు పనే అనుకుందాం, ఆ పైన నీళ్లు మొయ్యడం, వంట, అంట్లు ఏ గడిలో పడతాయి? సర్వే వాళ్లు నిన్న ఏం తిన్నావని అడుగుతారు. ఆకలేసినప్పుడు ఏం మిగిలిందని అడగరు.

గట్టు మీద నడిచే స్త్రీకి ఆకలి చావడం ఒక విజయం. చేలో స్త్రీకి అది నష్టం. హార్మోను ఒకటే కావచ్చు.

ఊడుపుల దగ్గర మధ్యాహ్నం సంగతి మాత్రం వేరు. క్యారేజీలు విప్పుకుని గుంపుగా కూర్చున్నప్పుడు ఒకామె తినబుద్ధి కావడం లేదంటే మిగతావాళ్లు ఊరుకోరు. కాసేపాగి తిందువులే అని ఆమె గిన్నె మూత పెట్టి పక్కనుంచుతారు. ఇంకో గంటకి ఆమె చేతులు కడుక్కుని గట్టెక్కుతుంది. గోంగూర పచ్చడి నంజుకుని మొత్తం తింటుంది.