పాత్ర మాటున మనిషి

నవలల గురించి మాట్లాడుకోవడం వల్ల ఏర్పడే స్నేహం కాస్త విచిత్రమైంది. మేం ఐదారుగురం నెలకో ఆదివారం కలుస్తాం. ఎవరి జీతమెంతో, ఎవరింట్లో ఏం గొడవలున్నాయో తెలీదు. కానీ 'చివరకు మిగిలేది'లో దయానిధిని ఎవరు క్షమించారో, ఎవరు క్షమించలేదో తెలుసు. ఇది మనిషిని తెలుసుకోవడమేనా?

మా ఆఫీసుల్లో కోడ్ రివ్యూ అని ఒకటుంటుంది. కోడ్‌లో తప్పులు పట్టొచ్చు గానీ రాసినవాణ్ణి ఏమీ అనకూడదన్నది అక్కడి మర్యాద. నవల దగ్గర ఈ మర్యాద సరిపోదు. 1927 నాటి 'మైదానం' మీద మాట్లాడుతూ అందరం రాజేశ్వరి తెగువని మెచ్చుకుంటున్నాం. ఒక మిత్రుడు మాత్రం "ఆ వకీలు మర్నాడు కోర్టుకి ఎలా వెళ్ళుంటాడో ఎవరైనా ఆలోచించారా?" అన్నాడు. వాదన కోసం అన్నట్టు లేదు ఆ గొంతు. కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. తర్వాత ఇంకొకరు ఆ వకీలు సంగతే ఎత్తుకున్నారు. కథంతా రాజేశ్వరి నోటే వింటాం కాబట్టి అతని వైపు మనకి వినపడదన్నారు. మిత్రుణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అడగకపోవడం సరైనదేనా? దగ్గరివాళ్ళయితే "ఏమైంది?" అనాలి కదా, అనకపోతే అది సాహిత్యం పేరుతో తప్పించుకోవడమే కదా అనొచ్చు. నిజమే. ఎదుటి మనిషి బాధలో ఉంటే కథనశిల్పం గురించి మాట్లాడటం క్రూరత్వం కూడా కావచ్చు.

అయితే, సొంత పేరు మీద చెప్పగలిగిన మాటే అయితే అతను ఇంకెక్కడైనా చెప్పుకునేవాడు. వకీలు మాటున అన్నాడంటే ఆ మాటు అతనికి అవసరం. దాన్ని లాగేసే హక్కు మనకెక్కడిది? పైగా అతను నిజంగా ఆ వకీలు గురించే బాధపడి ఉండొచ్చు. పాత్ర కోసం బాధపడ్డవాళ్ళందర్నీ అనుమానంగా చూడటం మొదలెడితే ఇంక నవలలెందుకు?

మనుషులు కలిసి బతకడమంటే పశువుల్లా ఒకేచోట మేయడం కాదు, మాటల్నీ ఆలోచనల్నీ పంచుకోవడం అంటాడు అరిస్టాటిల్. ఆ లెక్కన మాదీ కలిసి బతకడమే. కాకపోతే దానికో బాధ్యత ఉంది. మాటు వెనకనించి మనిషి ఎప్పుడైనా తనంతట తాను బయటికొస్తే, ఎదురుగా మనం ఉండాలి. అందుకే, నెల పుస్తకం నచ్చకపోయినా సరే, ఆ ఆదివారం మానను.