బిడ్డ మనసు కూడా అమానతే

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అన్నం, బట్ట, చదువు సమకూర్చగానే మన బాధ్యత తీరిపోయిందని అనుకుంటాం. మరి వారి మనసు? దాన్ని గురించి కూడా ప్రళయదినాన మనం సమాధానం చెప్పుకోవలసి ఉంది.

మన బాసరనే చూడండి. 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీలో పదో తరగతి ముగిసిన పల్లె పిల్లలు చేరతారు. పదిహేను, పదహారేళ్లకే ఇల్లు వదిలి ఆరేళ్లు హాస్టల్లో ఉండి చదువుతారు. ఊరి బడిలో అందరికంటే ముందున్న బిడ్డ, అక్కడ తనలాంటి వందల మందిలో ఒకరు. పరీక్షలో వెనుకబడితే ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి? 2022, 2023 సంవత్సరాల్లో అక్కడ కొందరు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో మరణం వెనుక ఏముందో అల్లాహ్‌కే తెలుసు. ఎవరినో నిందించడం మన పని కాదు. మన ఇంట్లో బిడ్డ బాధ వినే చెవి ఉందా అని చూసుకోవడం మాత్రం మన పనే.

అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పసివాడు. అతను ఆడుకునే పిట్ట చనిపోయింది. దిగులుగా ఉన్న ఆ బాలుణ్ణి దైవప్రవక్త (స) ఆప్యాయంగా పలకరించి, పిట్ట సంగతి అడిగారు. పెద్దలకు అది చిన్న విషయమే. ఆ బాలునికి మాత్రం పెద్ద దుఃఖం. ఆయన (స) దాన్ని బాలుని కళ్లతో చూశారు.

“ఈమాన్ ఉన్నవాడికి దిగులెందుకు? నమాజు చదువు, చాలు” అంటారు కొందరు. నమాజు నిస్సందేహంగా ఊరటే. కాని యూసుఫ్ (అలై) కోసం యాఖూబ్ (అలై) దుఃఖించి దుఃఖించి చూపు కోల్పోయారని ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన ఈమాన్ బలహీనమైనదా? కాదు! దుఃఖం పాపం కాదు. ఆత్మహత్య హరామ్ అని బోధించడం అవసరమే, కాని బిడ్డ ఆ అంచుకు చేరకముందే చేయి పట్టుకోవడం అంతకంటే అవసరం.

కనుక తల్లిదండ్రులారా! ఫోను చేసినప్పుడు “ఎన్ని మార్కులొచ్చాయి?” అనే ముందు “ఎట్లున్నావు బేటా, మనసు బాగుందా?” అని అడగండి. చెబుతుంటే మధ్యలో అడ్డుపడకండి, పక్కింటి పిల్లలతో పోల్చకండి. ఉపాధ్యాయులారా, ఉస్తాదులారా! తప్పిన పిల్లవాణ్ణి నలుగురిలో నిలబెట్టి అవమానించకండి, పక్కకు పిలిచి మాట్లాడండి. దిగులు తగ్గకపోతే వైద్యుణ్ణి కలవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

అల్లాహ్ మన పిల్లల హృదయాలకు నెమ్మదిని, వారి మాట వినే ఓర్పును మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.