గడువు మిగిల్చిన గీతలు

ట్రేడింగ్ కార్డుల పొట్లం విప్పేవాళ్లకు ఉండే ఆశల్లో ఒకటి, అచ్చు కార్డుల మధ్య చేత్తో గీసిన కార్డు ఒకటి దొరకడం. అమెరికాలో టాప్స్, అప్పర్ డెక్ వంటి కంపెనీలు స్టార్ వార్స్, మార్వెల్ పాత్రల సెట్లు వేసేటప్పుడు ఇలాంటి స్కెచ్ కార్డులు కలుపుతాయి. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు ఉన్న ఖాళీ కార్డుల కట్ట చిత్రకారుడికి చేరుతుంది. ఫలానా తేదీలోగా అన్నిటి మీదా బొమ్మలు గీసి పంపాలి. పాత్రల హక్కుదారు వాటిని చూసి ఒప్పుకోవాలి. కట్ట పెద్దది, గడువు చిన్నది. అందుకే చాలామంది ఒక కార్డు పూర్తిచేసి మరోదానికి పోరు. ముందు అన్నిటికీ పెన్సిలు, తర్వాత అన్నిటికీ ఇంకు, ఆపైన రంగు. ఇలా తయారైన బొమ్మల్ని కళ అనడానికి వెనకాడేవాళ్లున్నారు. తీరిక లేకుండా చేసింది కాబట్టి అది రాజీపడ్డ పని అని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని నా నమ్మకం. ఒక పాత్రను ఆ పాత్రగా నిలబెడుతున్నది ఏమిటో తీరిక చెప్పలేదు, గడువు చెబుతుంది.

దీనికి మంచి సాక్ష్యం మన గంజీఫా, చేత్తో గీసిన ముక్కలతో ఆడే పాత పేకాట. 1527లో సింధ్‌లోని షా హసన్‌కు గంజీఫా పేక పంపినట్టు బాబరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. తర్వాత ఆ ఆట దేశమంతా పాకి మహారాష్ట్రలో సావంత్‌వాడి, బెంగాల్లో బిష్ణుపూర్, తెలంగాణలో నిర్మల్ వంటి చోట్ల చిత్రకారులకు కూడు పెట్టింది. మొగలాయి పేకలో 96 ముక్కలు, దశావతార పేకలో 120. పది అవతారాలే పది జాతులు. ఒక్కో జాతికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకె ముక్కలు. ఒకటి నుంచి పది దాకా కూడి చూడండి, 55 వస్తుంది. అంటే మత్స్యావతారం అంకె ముక్కలకే 55 చేపలు కావాలి. పది జాతులకూ కలిపితే 550 గుర్తులు, అవికాక ఇరవై రాజు, మంత్రి బొమ్మలు. ఇదంతా అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్లల మీద! దర్బారు కలం అనే మేలురకం పేకలను దంతం మీద, తాబేటి చిప్ప మీద గొప్పవాళ్ల కోసం చేసేవారు. బజారు కలం పేకలు సామాన్యులవి. వాటికి జిగురు పట్టించి గట్టిపరిచిన బట్టో, చెక్కో, తాటాకో చాలు. చౌకగా అమ్మాలంటే చకచకా గీయక తప్పదు.

నా వాదనకు బలం ఆ బజారు కలంలోనే ఉంది. 55 చేపలు గీయాల్సిన చెయ్యి మొదట పొలుసుల్ని వదిలేస్తుంది. తర్వాత రెక్కలు పోతాయి. కన్ను ఒక చుక్క అవుతుంది, ఇంకా తొందరైతే ఆ చుక్కా ఉండదు. వంపు తిరిగిన ఒక్క కుంచె విసురు, దాని కొసన రెండుగా చీలిన తోక మిగులుతాయి. తోక కూడా పోతే అది చేప కాదు, ఆకు. అక్కడ చెయ్యి ఆగిపోతుంది. ఎక్కడ ఆగాలో ముందుగా ఎవరూ సిద్ధాంతం రాసి ఇవ్వలేదు, గీస్తూ పోతుంటే తేలింది. స్పైడర్‌మాన్‌ను గీసేవాళ్లకూ ఇదే అనుభవం. ముసుగు మీద అల్లిన సాలెగూటి గీతలే వాళ్ల సమయాన్ని తినేస్తాయి. వాటిని సగం తీసేసినా, మొత్తం తీసేసినా, ఆ రెండు పెద్ద తెల్లకళ్లు, వాటి చుట్టూ నల్లటి అంచు ఉన్నంతవరకు అతను స్పైడర్‌మానే. స్టార్ వార్స్‌లోని యోడాకు చెవులు అంతే ముఖ్యం.

సెట్టుగా గీయడంలో మరో సంగతుంది. విడిబొమ్మలో కిరీటం అందం. పదిమంది రాజులున్న పేకలో చాలామందికి కిరీటం ఉంటుంది కాబట్టి అది ఎవరినీ పట్టి ఇవ్వదు, దాన్ని రెండు గీతలకు కుదించినా నష్టం లేదు. పరశురాముడి గొడ్డలి మాత్రం అతనొక్కడిదే. తీరిగ్గా గీసేవాడికి కిరీటంలో మణులు పొదగాలనిపిస్తుంది, తప్పు కాదు. గడువున్నవాడు గొడ్డలి మీదే కుంచె ఖర్చుపెడతాడు. పేకాటలో ముక్కలన్నీ విసనకర్రలా విప్పి పట్టుకున్నప్పుడు కంటికి కావలసిందీ ఆ గొడ్డలే.

తొందరపడిన చెయ్యి సారాన్ని కాదు, అలవాటును మాత్రమే మిగులుస్తుందని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. బొమ్మ గీయడం రానివాడికి గడువు పెడితే గజిబిజి తప్ప ఏమీ రాదు. పొలుసులతో సహా చేపను ఎన్నోసార్లు గీసినవాడికే పొలుసులు లేని చేప చేతికొస్తుంది. కానీ నైపుణ్యం ఒక్కటే చాలదు. నైపుణ్యం ఉన్న చేతికి అన్నీ గీయాలనే ఉంటుంది, దేన్ని వదలాలో అది తనంతట తాను తేల్చుకోదు. దర్బారు కలం వాళ్లకు చెయ్యి తిరగలేదని కాదు కదా, వాళ్లకు వదలాల్సిన అవసరం పడలేదు. ఇక అచ్చుయంత్రం ఉండగా ఈ తంటా ఎందుకనే ప్రశ్న. ఆఠీను, ఇస్పేటుల చౌక అచ్చుపేక రావడంతోనే గంజీఫా వెనకబడిపోయింది, నిజమే. అయితే అచ్చు ఒకే చేపను 55 సార్లు వేస్తుంది, చెయ్యి 55 చేపల్ని గీస్తుంది. ఒకటి లావు, ఒకటి బక్క, ఒకదాని తోక వంకర. ఇన్ని తేడాల మధ్య కూడా ప్రతిదీ చేపగానే తెలుస్తోందంటే, చేపతనం ఏ గీతల్లో ఉందో అప్పుడే రుజువవుతుంది. అచ్చులో ఆ పరీక్షే జరగదు.

నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టే అభ్యంతరం డబ్బుది. బజారు కలం చిత్రకారుడిని తొందరపెట్టింది పేదరికం, స్కెచ్ కార్డు గీసేవాళ్లకు ముట్టేదీ తరచుగా కార్డుకు కొద్దిపాటి సొమ్మే. కంపెనీలు తిరిగిచ్చే కొన్ని కార్డులు అమ్ముకునే చాలామంది నెట్టుకొస్తారు. ఆ ఒత్తిడిలోంచి మంచి గీత పుట్టిందని చెప్పి ఆ కూలిని సమర్థించడం అన్యాయం. నేను మెచ్చుకుంటున్నది కొలిచిన సమయాన్ని, కోసిన కూలిని కాదు. రెండూ విడదీయరానివేమీ కావు. రెట్టింపు సొమ్ము ఇచ్చి అదే గడువు పెట్టినా చేప తోక అక్కడే మిగులుతుంది.

నా వాదనకూ ఒక హద్దుంది. బిష్ణుపూర్ దశావతార పేకలో రాముడికి బాణం గుర్తు, సరే. కానీ వరాహానికి శంఖం, నరసింహుడికి చక్రం. శంఖం చూసి వరాహం అనుకోవడం ఆ ఆట తెలిసినవాడికే సాధ్యం. బాణం చూసి రాముడనడం కూడా అంతే, కాకపోతే ఆ కథ మనలో ఎంత ఇంకిపోయిందంటే మనకు ఆ సంగతి గుర్తుకురాదు. గడువు మిగిల్చే కాసిని గీతలు చూసేవాడి జ్ఞాపకాన్ని ఆసరా చేసుకుని నిలబడతాయి. ఎవరూ ఎరగని కొత్త పాత్రకు ఆ ఆసరా లేదు. ఆ పాత్ర జడ ముఖ్యమా, చేతిలో సంచి ముఖ్యమా, నడకా అన్నది చూసేవాడికే కాదు, గీసేవాడికీ తేలలేదు. అందువల్ల సొంత పాత్రలతో సెట్టు గీయబూనినవాళ్లు సమయాన్ని కార్డులకు సమానంగా పంచడం నాకు సరైనదనిపించదు. ఉన్న గడువులో పెద్ద భాగం ఒక్కో పాత్ర తొలి బొమ్మకే ఇచ్చి, అన్ని వివరాలతో గీసి, పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మిగిలిన కార్డులు తొందరలో గీసినా ఫరవాలేదు.