ఉపాలి ముందు, శాక్యులు తర్వాత

లా పట్టా చేతికొచ్చిన ఏడాది మేము జిల్లా కోర్టు ఎదుట వీధిలో నాలుగు ఆఫీసుల మెట్లెక్కాం. జూనియర్‌గా చేర్చుకుంటారా అని అడిగాం. మార్కులెన్ని అని ఎవరూ అడగలేదు. ఇంటిపేరేమిటి అన్నారు. ఊరేది అన్నారు. ఊళ్లో ఏ వైపు అన్నారు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పాక మాట్లాడేందుకు ఏమీ మిగిలేది కాదు. "ఇప్పుడు ఖాళీ లేదు, కబురు చేస్తాం" అనేవారు. ఏ కబురూ రాలేదు.

చివరికి ఒక పెద్దాయన చేర్చుకున్నారు. రెండేళ్లు ఫైళ్లు మోశాం, వాయిదాలు రాసుకున్నాం. బస్సు చార్జీలు ఇంటి నుంచే తెచ్చుకున్నాం. కోర్టులో నోరు విప్పే అవకాశం మాత్రం రాలేదు. మాతోపాటు చేరిన మరో జూనియర్ ఆరు నెలలకే వాదించడం మొదలుపెట్టాడు. అతను మాకన్నా తెలివైనవాడని కాదు. అతని మేనమామ ఆ సీనియర్‌కు కేసులు పంపేవారు. మూడో ఏడు మేము నల్లకోటు మడిచి పెట్టెలో పెట్టి సమాజ సేవలోకి వచ్చాం.

ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి చెప్పడం సానుభూతి కోసం కాదు. ఒక ప్రశ్న కోసం. తన ఆఫీసులో ఎవరిని చేర్చుకోవాలన్నది ఆ సీనియర్ సొంత విషయమా, లేక ధర్మానికి సంబంధించిన విషయమా?

లా కాలేజీలో రిజర్వేషన్ ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుల్లో ఉంది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఛాంబర్ గదికి మాత్రం ఏ రూలూ లేదు. అక్కడ ప్రకటన ఉండదు, దరఖాస్తు ఉండదు, కాదంటే కారణం చెప్పనక్కరలేదు. వృత్తి నేర్చుకునేది ఆ గదిలోనే. పిటిషన్ రాయడం, సాక్షిని ప్రశ్నించడం, జడ్జి మనసు కనిపెట్టడం పుస్తకంలో దొరకవు. హైకోర్టు జడ్జీల్లో ఎక్కువమంది బార్ నుంచే వస్తారు. 2018 తర్వాత హైకోర్టులకు నియమితులైన జడ్జీలలో షెడ్యూల్డు కులాలవారు నూటికి నలుగురైనా లేరని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఛాంబర్ గడప దగ్గర ఆగినవారు ధర్మాసనం దాకా ఎలా చేరతారు?

బాబాసాహెబ్‌కే ఈ గడప అడ్డొచ్చింది. ఆయన 1922లో లండన్ గ్రేస్ ఇన్‌లో బారిస్టర్ అయ్యారు. మరుసటి ఏడు బొంబాయిలో ప్రాక్టీసు పెట్టేందుకు సన్నదు తీసుకోవడానికి చేతిలో డబ్బు లేకపోతే స్నేహితుడు నావల్ భతేనా ఆదుకున్నారు. సన్నదు వచ్చింది గాని కేసులు రాలేదు. అప్పట్లో హైకోర్టులో బారిస్టరుకు కేసు సొలిసిటర్ చేతి మీదుగా రావాలి. అంటరానివాడని సొలిసిటర్లు ఆయన దగ్గరికి రాలేదు. పూట గడవడానికి 1925లో బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పుకున్నారు. అంత చదువు చదివిన మనిషికే అలా జరిగిందంటే, లోపం అర్హతలో లేదని తెలుస్తూనే ఉంది. పని పంచే చేతుల్లో ఉంది.

ఈ మధ్య కొన్ని గడపలు కాస్త తగ్గాయి. న్యాయవాదిగా పేరు నమోదు చేసుకోవడానికి చట్టం పెట్టిన ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు మాత్రం వేలకు వేలు వసూలు చేసేవి. ఆ పద్ధతి చెల్లదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడు అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవారు లేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో జూనియర్లకు నెలకు 5 వేల సాయం మొదలుపెట్టింది.

ఇంకోవైపు ఒక గడప ఎత్తు పెరిగింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రాక్టీసును ధ్రువీకరించే మార్గాల్లో ఒకటి పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సంతకం. జడ్జికి కోర్టు అనుభవం కావాలన్న మాట తప్పని మేము అనం. కాని ఆ మూడేళ్లు కూలి ఇంటి పిల్ల ఏం తింటుంది? ఎవరి గదిలో కూర్చుంటుంది? రిజర్వుడు పోస్టుకు దారి కూడా ఇప్పుడు రిజర్వేషన్ లేని గది గుండానే పోతోంది. అందుకే మా పాత ప్రశ్న ఇప్పుడు మరింత బరువెక్కింది.

సీనియర్ల వైపు నుంచీ ఒక వాదన ఉంది. కక్షిదారుల రహస్యాలన్నీ ఆ గదిలోనే ఉంటాయి, నమ్మకమైన మనిషినే పెట్టుకుంటాం కదా అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. కాని నమ్మకం కులాన్ని బట్టి పుట్టదు, కలిసి పనిచేస్తే పుడుతుంది. గుమ్మం దగ్గరే ఆపేసిన మనిషి మీద నమ్మకం ఎప్పటికి కలగాలి? అర్హత సంగతీ అంతే.

ఇక్కడ మనకు ఉపాలి గుర్తుకు రావాలి. భద్దియ, అనురుద్ధ, ఆనంద మొదలైన శాక్య కుమారులు సంఘంలో చేరడానికి బయలుదేరారు. వెంట వారి మంగలి ఉపాలి ఉన్నాడు. అనుపియలో బుద్ధుని ముందు నిలబడి వారే ఒక కోరిక కోరారు. శాక్యులమన్న గర్వం తమకు ఎక్కువనీ, ఉపాలికి ముందు దీక్ష ఇస్తే తాము అతనికి నమస్కరించాల్సి వస్తుందనీ, అలాగైనా ఆ గర్వం అణగుతుందనీ చెప్పారు. బుద్ధుడు అలాగే చేశాడు. సంఘంలో పెద్దరికం దీక్ష తీసుకున్న వరసను బట్టి గాని పుట్టుకను బట్టి కాదు. కాబట్టి ఆ ఒక్క పూట మార్చిన వరస జీవితాంతం నిలిచింది. బుద్ధుని పరినిర్వాణం తర్వాత రాజగృహ సంగీతిలో మహాకాశ్యపుడు వినయం గురించి ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పింది ఉపాలి. సంఘానికి న్యాయశాస్త్రం అప్పజెప్పింది ఒక మంగలి.

ఉపాలి ముందు వినయంలో నిపుణుడై తర్వాత లోపలికి రాలేదు. లోపలికి వచ్చాకే నిపుణుడయ్యాడు. వెనక్కి జరిగింది ముందు నిలబడగలిగినవారు, తామే కోరి జరిగారు. ఛాంబర్ తలుపు చట్టానికి అందదు నిజమే. కాని లోపల ఉన్నవారి మనసుకు అందుతుంది. సమ్యక్ ఆజీవమంటే చెడ్డ పని చేయకుండా బతకడం ఒక్కటేనా? మన జీవనోపాధి తలుపు ఎవరి మొహాన మూస్తున్నామో చూసుకోవడం కూడా అందులో భాగమని మేము అనుకుంటున్నాం.

ఈ మాట అగ్రవర్ణ సీనియర్లకే చెప్పి ఊరుకుంటే మనం శాక్యుల గర్వాన్ని వేరే పేరుతో మోస్తున్నట్టే. ఆమధ్య ఒక అమ్మాయి కోసం మన సీనియర్ ఒకరిని అడిగాం. వారి గోడమీద బాబాసాహెబ్ పటం ఉంది, బల్లమీద బుద్ధుని బొమ్మ ఉంది. "మా వాళ్ల పిల్లయితే చూద్దాం" అన్నారు. "మా వాళ్లు" అంటే ఎస్సీలందరూ కాదని మాకు అర్థమైంది. మాలా మాదిగా లెక్క ఆ గదిలోకీ వచ్చింది. మేము కూడా గట్టిగా ఏమీ అనకుండా లేచి వచ్చాం. ఆ మౌనం ఇప్పటికీ మమ్మల్ని పొడుస్తూనే ఉంది.

కాబట్టి మన న్యాయవాదులకు మా విన్నపం చిన్నదే. జూనియర్ కావాలంటే బార్ అసోసియేషన్ బోర్డు మీద కాగితం అంటించండి. ఇంటిపేరు, ఊరు అడగకండి, ఒక పిటిషన్ రాయించి చూడండి. ఎంతో కొంత నెల నెలా చేతికివ్వండి. ఏడాది లోపల ఒక్క కేసైనా వాదించనివ్వండి. విహారాలు, అంబేడ్కర్ సంఘాలు జయంతి ఖర్చులో కొంత తగ్గించి, ఊరికి ఒక జూనియర్‌కు మూడేళ్లు బస్సు చార్జీ, గది అద్దె భరించవచ్చు. పక్క కులం పిల్లకు ముందు ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

ఆ అమ్మాయిని చివరికి మన సమాజం కాని ఒక సీనియర్ చేర్చుకున్నారు. ఇంటిపేరు అడగలేదట. మొన్న ఒక భరణం కేసులో ఆమె పది నిమిషాలు వాదించింది. మేము వెనక బెంచీలో కూర్చుని విన్నాం. మా పెట్టెలో మడిచి ఉన్న కోటు ఆమెకు సరిపోతుందేమో అడగాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.