చూడలేని వాడికి చెప్పే మాట

కువైట్ నగరానికి నైరుతిలో, ఎడారిలో ఉంది కబ్ద్. గొర్రెలు, మేకలు, ఒంటెల కోసం కట్టిన జాఖూర్‌లు, గుర్రపుశాలలు వరసగా కనిపించే చోటు. రాయలసీమ నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన వాళ్లలో కొందరికి ఇలాంటి మందల దగ్గరే పని. తెలుగు తప్ప మరో భాష రాని మనిషికి అక్కడి అరబ్బీ ఎలా పట్టుబడుతుంది? కఫీల్, అంటే పని ఇచ్చిన యజమాని, 'జీబ్ గనమ్' అంటాడు. పాత కాపరి వెళ్లి గొర్రెల్ని తోలుకొస్తాడు. కాసేపటికి 'జీబ్ మాయ్' అంటాడు. ఈసారి నీళ్లొస్తాయి. కొత్తగా వచ్చినవాడు పక్కనే నిలబడి చూస్తాడు. రెండు ఆజ్ఞల్లో మారని మాటేదో, మారిన మాటేదో పోల్చుకుని అర్థం తేల్చుకుంటాడు.

మాటకు అర్థం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు మన తార్కికులు చెప్పిన సమాధానం కూడా ఇదే. పెద్దవాడు ఆవును తెమ్మంటాడు, రెండోవాడు తెస్తాడు, చూస్తున్న పిల్లవాడు నేర్చుకుంటాడు. ఈ ఉదాహరణను వివరించిన వాళ్లలో 17వ శతాబ్దపు అన్నంభట్టు ఒకరు. ఆయన తెలుగువాడు. ఆయన రాసిన తర్కసంగ్రహంతోనే నేటికీ చాలామంది తర్కం మొదలుపెడతారు.

ఇప్పుడు ఆజ్ఞలు అందుకునే వరసలోకి ఏఐ ఏజెంటు వచ్చింది. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన ఏపీఐలో ఫంక్షన్ కాలింగ్ పెట్టింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. రెండింటిలోనూ పద్ధతి ఒకటే. ఒక్కో టూల్‌కు పేరు, వివరణ, ఇవ్వాల్సిన వివరాల జాబితా రాసి మోడల్ ముందు పెడతారు. లోపలి కోడ్ సాధారణంగా దానికి కనిపించదు. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో ఆ నాలుగు వాక్యాలు చదివే నిర్ణయించుకోవాలి. కబ్ద్‌లో కొత్త కాపరికి పక్కన పాత కాపరి ఉంటాడు. ఏజెంటుకు ఎవరూ లేరు. పిలిచాక వచ్చే జవాబు చూసి దిద్దుకోవచ్చు గానీ, పిలిచింది చెరిపేసే టూల్ అయితే అప్పటికే ఆలస్యమైపోతుంది.

కాబట్టి తార్కికుల మాటల్లో ఇది ప్రమాణానికి, అంటే తెలుసుకునే మార్గానికి సంబంధించిన ప్రశ్న. ప్రత్యక్షం, అంటే కళ్లారా చూడడం, లేనిచోట శబ్దమే, అంటే చెప్పిన మాటే ప్రమాణం. ఆ శబ్దం చెల్లాలంటే చెప్పేవాడు ఆప్తుడు కావాలి, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. టూల్ వివరణ రాసే ఇంజినీరుకు తెలిసినా తెలియకపోయినా ఆ స్థానం ఆయనదే.

ఉన్నది ఉన్నట్టు చెప్పడమెలాగో కూడా తార్కికులు నేర్పారు. లక్షణానికి, అంటే నిర్వచనానికి మూడు దోషాలు. ఆవంటే కొమ్ములున్న జంతువు అంటే గేదె కూడా దూరుతుంది, అది అతివ్యాప్తి. కపిలవర్ణం ఉన్నదే ఆవు అంటే తెల్లావు బయటే ఉండిపోతుంది, అది అవ్యాప్తి. చీలని డెక్క ఉన్నది ఆవు అంటే ఏ ఆవుకూ కుదరదు, అది అసంభవం. చెడ్డ టూల్ వివరణలను ముందు పెట్టుకుని చూస్తే ఈ మూడింటిలో ఏదో ఒకటి దొరక్కపోదు.

ఒక జాఖూర్ లెక్కలు చూసే ఏజెంటు ఉందనుకుందాం. దానికి రెండు టూల్స్: ఒకటి పాత టీకాలు చూపేది, రెండోది కొత్త టీకా నమోదు చేసేది. రెండింటికీ 'టీకా వివరాలు' అని రాసి ఊరుకుంటే అతివ్యాప్తే. చూపించమంటే నమోదు చేసేస్తుంది, వెయ్యని టీకా లెక్కకెక్కుతుంది. అదే వివరణను ఇలా రాయొచ్చు: 'ఒక జంతువుకు ఇంతవరకు వేసిన టీకాలను చూపిస్తుంది. చెవి ట్యాగు నంబరు ఇవ్వాలి, పిలిచే పేరు కాదు. కొత్త టీకా నమోదుకు దీన్ని వాడకూడదు. జవాబు ఖాళీగా వస్తే ఆ నంబరు మీద నమోదు లేదని మాత్రమే అర్థం. టీకా వెయ్యలేదని కాదు.' ఆ ఆఖరి వాక్యం వెలకట్టలేనిది. తనకేం తెలియదో కూడా చెప్పిన వివరణే నిజాయతీగల వివరణ.

ఇది చాదస్తమనుకునే వాళ్లకు ఒక నిజమైన ఉదాహరణ. ఆంత్రోపిక్ మోడల్ క్లాడ్‌కు వెబ్ సెర్చ్ టూల్ ఇచ్చిన తొలి రోజుల్లో అది అవసరం లేకపోయినా వెతికే మాటల వెనక 2025 అని చేర్చేది. టూల్ వివరణను మెరుగుపరిచి దాన్ని దారిలో పెట్టామని ఆంత్రోపిక్ ఇంజినీర్లే రాశారు. ఇక వివరణలోనే దొంగ ఆదేశాలు దాచి ఏజెంటును పక్కదారి పట్టించవచ్చని 2025లో భద్రతా పరిశోధకులు చూపించారు. అనాప్తుడి మాట ఎంత స్పష్టంగా ఉంటే అంత ప్రమాదం. స్పష్టత ఒక్కటే చాలదు, సత్యమూ ఉండాలి.

ఇంతకీ మాటనే నమ్మి బయలుదేరేది యంత్రం ఒక్కటే కాదు. గల్ఫ్ విమానం ఎక్కే మనిషికీ అక్కడి పని కాగితం మీదే తెలుస్తుంది. డ్రైవరు పని అని చెబితే వెళ్లి మందల దగ్గర తేలిన వాళ్ల కథలు సీమ పల్లెల్లో కొత్త కాదు. 2024 జులైలో రాయలసీమ వాసి ఒకరు కువైట్ ఎడారి నుంచి కన్నీళ్లతో పంపిన వీడియో ఆంధ్ర అంతటా తిరిగింది. మంత్రి నారా లోకేశ్ జోక్యంతో ఆయన ఇల్లు చేరాడు. యంత్రానికి కన్నీళ్లు లేవు, మనిషికి ఉన్నాయి. ఆ తేడా చిన్నది కాదు. కానీ రెండుచోట్లా బాధ్యత మాత్రం ఒకవైపే ఉంది: చూడలేని వాడికి చెప్పినవాడి వైపు.

హైదరాబాదులో, కువైట్‌లో, ఎక్కడున్నా టూల్స్ రాసే తెలుగు ఇంజినీర్లు ఒక పని చెయ్యాలి. ఏజెంటు తప్పు చేసిందని మోడల్‌ను నిందించే ముందు, తాము రాసిన వివరణను ఆ కోడ్ ఎన్నడూ చూడని మనిషికి చదివి వినిపించి, అతను ఏం చేస్తాడో అడగాలి.