సీసా కావాలా, మాత్ర కావాలా?

బిలాస్‌పూర్ గోల్ బజార్‌కు సరుకులకొచ్చే తెలుగు కుటుంబాల్లో చాలావాటికి అన్నం పెట్టింది రైలే. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు కేంద్రమైన ఊరిది. ఇక్కడి ఇళ్లలో కీమ్యాన్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. రోజూ పట్టాల వెంట నడిచి, వదులైనవి బిగించి వస్తాడు. ఆ పని సరిగ్గా జరిగిన రోజున పేపర్లో రాయడానికి ఏమీ ఉండదు.

జరగని ప్రమాదాన్ని చూపించడం సినిమాకు కష్టం. సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు తెరమీద చిక్కిపోయేది అక్కడే.

ఐజాక్ అసిమోవ్ 'ఐ, రోబోట్' కథల సంపుటి 1950లో వచ్చింది. అందులో సూజన్ కాల్విన్ అనే శాస్త్రవేత్త ఆలోచించి చిక్కుముళ్లు విప్పుతుంది. యంత్రాలు మనిషిపై తిరగబడతాయన్న భయానికి జవాబుగానే అసిమోవ్ ఈ కథలు రాశాడు. 2004 సినిమా ఆ తిరుగుబాటునే కథగా చేసుకుని, తుపాకీని డిటెక్టివ్ చేతికిచ్చింది.

రిచర్డ్ మాథెసన్ 1954 నవల 'ఐ యామ్ లెజెండ్'కు జరిగిన నష్టం ఇంకా పెద్దది. నవలలో వ్యాధి సోకిన కొందరు ఒక మాత్రతో సూక్ష్మజీవిని అదుపులో పెట్టుకుని, రోగంతోనే బతుకుతూ కొత్త సమాజాన్ని కట్టుకుంటారు. 2007లో థియేటర్లకొచ్చిన సినిమాలో ఆ సమాజమూ లేదు, ఆ మాత్రా లేదు. వైరస్‌ల శాస్త్రవేత్త అయిన కథానాయకుడు మందు సీసా అప్పగించి ప్రాణత్యాగం చేస్తాడు. విముక్తి ఒక్క క్షణంలో, ఒక్క వీరుడి చేతిమీదుగా రావాలన్న కోరిక మనుషుల్లో చాలా పాతది. సినిమా దాన్నే నమ్ముకుంది.

బతుకు ఆ కోరిక మీద నడవదు. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు 1996లో ప్రారంభించిన సంస్థ ఇది. ఆపరేషన్లూ చేస్తారు, అంతకంటే ముందు జరగాల్సిన పనీ చేస్తారు. తాగునీరు కలుషితమైందో లేదో ఊళ్లోనే తేల్చే చవకైన పరీక్షను వాళ్లు తయారుచేశారు. తల్లులు కూలికి వెళ్లినప్పుడు ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు కడుపునిండా తిండిపెట్టే 'ఫుల్వారీ'లు నడిపారు. చిక్కిపోయిన బిడ్డకు చేసే చికిత్స ముందు అక్కడ పెట్టే సత్తు, కిచిడీల ఖర్చెంత!

ఈ ప్రాంతాన్ని సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి తరతరాలుగా వేధిస్తోంది. 2023 జులై 1న, బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే ఉన్న షహడోల్‌లో, దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. నలభై ఏళ్లలోపు వయసున్న ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. హైడ్రాక్సీయూరియా నొప్పి దాడులను తగ్గిస్తుంది. పసిపిల్లలను పెన్సిలిన్ ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడుతుంది. రెండూ పాత మందులే, కానీ నవలలోని మాత్రలాగే ఒక్క క్షణంలో విముక్తినివ్వవు, ఏళ్ల తరబడి మానకుండా వాడాలి.

పరీక్ష ఫలితం రాసిన కార్డు చేతికొచ్చాకే అసలు పని మొదలవుతుంది. నెలనెలా మందు ఊరి దగ్గరే దొరకాలి. రక్తపరీక్షకు వెళ్తే ఆ రోజు కూలి పోకూడదు. 2002 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఇల్లిల్లూ తిరుగుతున్న ఆరోగ్య కార్యకర్తలు మితానిన్‌ల కష్టానికి తగిన ఫలం దక్కాలి. కాబట్టి ఎన్ని కోట్ల పరీక్షలు చేశారని అడిగి ఊరుకుంటే చాలదు, వ్యాధి ఉందని తేలిన వాళ్లలో ఈ నెల మందు ఎందరికి అందిందో కూడా ప్రభుత్వాన్ని అడగాలి.